సోమవారం సాయంత్రం ఆరింటి దాకా: మోర్మన్ మిషనరీ కుర్రాడి వారం

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్లటి పేరు పలక, పక్కన అచ్చం అదే వేషంలో ఇంకో కుర్రాడు. బ్రెజిల్, ఫిలిప్పీన్స్, అమెరికా లాంటి దేశాల్లో ఉన్నవాళ్లు ఈ జంటను ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. తలుపు తడతారు, నవ్వుతారు, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అంటారు, చాలామంది వద్దు బాబూ అని తలుపు వేసేసుకుంటారు. బయటివాళ్లకు వీళ్ల గురించి తెలిసింది అంతవరకే. ఆ తర్వాత ఆ కుర్రాళ్లు ఎక్కడికి పోతారు, రాత్రికి ఏం తింటారు, ఇంటికి ఫోన్ ఎప్పుడు చేస్తారు, ఇలా ఎన్నాళ్లు తిరుగుతారు అన్నవి ఎవరికీ పట్టవు. కాస్త పట్టించుకుని చూస్తే మాత్రం ఈ వ్యవహారం మొత్తం వారం లెక్కన నడుస్తుందని అర్థమవుతుంది. ఆ వారాన్ని ఎంత పకడ్బందీగా కట్టారంటే, కొత్తవాళ్లను మతంలోకి తేవడం సంగతి ఎలా ఉన్నా, ఆ తిరిగే కుర్రాణ్ని మతంలో నిలబెట్టడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తుంది.

ముందు కొన్ని సంగతులు. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టిన చర్చి ఇది, ఇప్పుడు కేంద్రం యూటాలోని సాల్ట్ లేక్ సిటీ. తెలుగులో వీళ్లు రాసుకునే అసలు పేరు చాంతాడంత ఉంటుంది: యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్ అనడం మానండని 2018 నుంచి చర్చి పెద్దలు గట్టిగానే చెబుతున్నారు గానీ జనం నోట ఇంకా ఆ మాటే నడుస్తోంది. మిషన్ అంటే ఇల్లు వదిలి మతం గురించి చెప్పడానికి తిరగడం, అబ్బాయిలకు 24 నెలలు, అమ్మాయిలకు 18 నెలలు. అబ్బాయిలకు ఇది దాదాపు తప్పనిసరి బాధ్యత కిందే లెక్క, అమ్మాయిలకు ఇష్టమైతేనే. ఏ దేశం వెళ్లాలో ఎంచుకునే వీలు ఇద్దరికీ లేదు. దరఖాస్తు పెట్టుకుంటే కొన్నాళ్లకు సాల్ట్ లేక్ నుంచి పిలుపు వస్తుంది, అందులో మంగోలియా అని ఉండొచ్చు, పక్క రాష్ట్రం ఐడహో అని ఉండొచ్చు. ఆ పిలుపు తెరిచే రోజు చుట్టాలంతా హాల్లో చేరి, వీడియో తీస్తూ, కేకలు పెట్టడం యూటాలో ఒక చిన్న పండగ.

జీతం మాట దేవుడెరుగు, ఎదురు డబ్బు కట్టాలి. అమెరికా నుంచి వెళ్లేవాళ్లకు 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు, అంతకు ముందు 400. అంటే రెండేళ్లకు 12 వేల డాలర్లు, చాలామంది హైస్కూల్ రోజుల నుంచే ఏవో చిన్న పనులు చేసి కూడబెట్టుకుంటారు. 1990 వరకు ఎవరి ఊరి ఖర్చు వాళ్లదే, జపాన్ పడినవాడి ఇంట్లో అప్పులు, చవక దేశం పడినవాడి ఇంట్లో ఊపిరి. ఇప్పుడు అందరి డబ్బూ ఒకే ఖాతాలో పడి, ఎక్కడివాళ్లకు సరిపడా అక్కడికి వెళ్తుంది. పేద దేశాల కుటుంబాలు తమ శక్తి కొద్దీ కడితే మిగతాది చర్చి నిధి చూసుకుంటుంది. చేతికి వచ్చేది మాత్రం నెలవారీ తిండి ఖర్చు, అది కూడా నెలాఖరుకు నూడుల్స్ మీదకు వచ్చేంత.

ఇక వారం. బ్రెజిల్లో ఒక మామూలు ఊరు అనుకుందాం, ఎందుకంటే ఈ చర్చికి అమెరికా బయట బాగా పెద్ద స్థావరాల్లో అదొకటి, యూటా పిల్లలు అక్కడికి ఎప్పటినుంచో వెళ్తున్నారు. ఎక్కువ చోట్ల సోమవారాన్ని ప్రిపరేషన్ డే అంటారు, వాళ్ల మాటల్లో పీ-డే. సెలవు అని పేరే గానీ పొద్దున్నే బట్టల గుట్ట ఎదురుచూస్తుంటుంది. ఇంటి వెనక సిమెంటు తొట్టి దగ్గర నిలబడి తెల్ల చొక్కాల కాలర్లు బ్రష్షుతో రుద్దాలి, వారమంతా ఎండలో నడిచిన చెమటా, మెడకు రాసుకున్న సన్‌స్క్రీనూ కలిసి ఆ మడత దగ్గర పసుపు చార పట్టి ఒక పట్టాన వదలదు. పంతొమ్మిదేళ్లు అమ్మ వాషింగ్ మెషీన్‌లో బట్టలు వేసి పెట్టిన కుర్రాడికి ఇది మొదటి పాఠం. తర్వాత ఇల్లు ఊడ్చుకోవాలి, బియ్యం, చిక్కుడు గింజలు, గుడ్లు తెచ్చుకోవాలి, జుట్టు కత్తిరించుకోవాలి. చుట్టుపక్కల జంటలన్నీ ఒక చోట కలిస్తే ఫుట్‌బాల్ ఆట ఉంటుంది. ఈ మధ్యలోనే ఇంటికి ఈమెయిల్, స్నేహితులకు ఈమెయిల్, వాటితో పాటు మిషన్ ప్రెసిడెంట్‌కు వారం వారం రాయాల్సిన ఉత్తరం. మిషన్ ప్రెసిడెంట్ అంటే ఆ ప్రాంతంలో ఉన్న నూటికి పైగా పిల్లలకు మూడేళ్ల పాటు పెద్దదిక్కుగా ఉండే ఆయన, భార్యతో కలిసి వస్తారు, ఆయనకూ ఇది ఉద్యోగం కాదు. సాయంత్రం ఆరైందంటే ఉతికిన చొక్కా ఆరినా ఆరకపోయినా మళ్లీ టై కట్టి వీధిలోకి.

ఇంటికి ఫోన్ విషయంలో మాత్రం పెద్ద మార్పే వచ్చింది. 2019 ఫిబ్రవరి వరకు ఏడాదికి రెండంటే రెండు ఫోన్లు, క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకి ఒకటి. మిగతా ఏడాదంతా ఈమెయిల్‌తో సరి. నాన్నకు ఒంట్లో బాగా లేకపోయినా, చెల్లి పెళ్లైనా అంతే. ఆ నెలలో చర్చి పెద్దలు వారానికోసారి ఫోన్ చేసుకోవచ్చు, వీడియో కాల్ కూడా చేసుకోవచ్చు అన్నారు. కొందరు పాతకాలం మిషనరీలు గొణిగారు, ప్రతి వారం అమ్మ గొంతు వింటే పిల్లాడి మనసు అక్కడ నిలుస్తుందా అని. ఆ వాదనలో పస లేదు. చేతిలో ఫోన్‌తో పెరిగిన తరాన్ని ఒక్కసారిగా నిశ్శబ్దంలో పడేస్తే క్రమశిక్షణ రాదు, దిగులు వస్తుంది, అది సమయానికి ఎవరి కంటా పడదు కూడా. వారానికోసారి ముఖం చూసే తల్లి పిల్లాడు చిక్కిపోయాడని, మాట తడబడుతోందని నాలుగు వారాల్లో కనిపెట్టేస్తుంది. ఈమెయిల్లో మాత్రం అందరూ ఎప్పుడూ బాగానే ఉంటారు.

మంగళవారం నుంచి శనివారం వరకు రోజులన్నీ ఒకే మూసలో పోసినట్టుంటాయి. ఆరున్నరకు లేవాలి, అరగంట వ్యాయామం, స్నానం, టిఫిన్, ఒక్కడే కూర్చుని చదువు, ఇద్దరూ కలిసి చదువు, కొత్త భాష అయితే దానికో సమయం. పదింటికల్లా బయట. రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నరకు తిరిగి గూటికి, పదిన్నరకు లైటు ఆర్పేయాలి. 2017లో కాస్త సడలించారు, ఊరి అలవాట్లను బట్టి గంట అటూ ఇటూ జరుపుకోవచ్చు. సినిమాలు లేవు, టీవీ లేదు, ప్రేమలు లేవు, ఈత కూడా లేదు. మధ్యాహ్నం మాత్రం బ్రెజిల్లో ఒక వెసులుబాటు ఉంది, అక్కడి చర్చి సభ్యులు రోజుకో ఇంట్లో వీళ్లకు భోజనం పెడతారు, అన్నం, చిక్కుడు గింజల పులుసు, మాంసం, ఇంకొంచెం ఇంకొంచెం అని వడ్డించే ఒక పెద్దావిడ. వద్దంటే ఆవిడ నొచ్చుకుంటుంది, తింటే రెండింటి ఎండలో కొండ ఎక్కడం కష్టం. వారంలో ఒక రోజు ఆ చుట్టుపక్కల నాలుగైదు జంటల సమావేశం, ఇంకో రోజు వచ్చే వారానికి ప్రణాళిక. ఇళ్ల తలుపులు తట్టడం ఇప్పుడు చాలా చోట్ల తగ్గింది, ఫేస్‌బుక్‌లో చర్చి ప్రకటన చూసి వివరాలు ఇచ్చినవాళ్ల పేర్లు నేరుగా వీళ్ల ఫోన్లోకి వస్తాయి. 2020లో కోవిడ్ వచ్చి వేలమందిని సర్దుకుని ఇళ్లకు పంపేశాక ఈ ఆన్‌లైన్ పద్ధతి బాగా నిలదొక్కుకుంది.

వీటన్నిటికంటే కఠినమైన నియమం ఒకటుంది, ఒంటరిగా ఉండకూడదు. కంపానియన్ అని ఒకరిని జత చేస్తారు, బాత్‌రూమ్‌కు తప్ప ఎక్కడికెళ్లినా ఒకరికొకరు కనుచూపు మేరలో, మాట వినపడే దూరంలో ఉండాలి. ఆ జత ఎవరో ప్రెసిడెంట్ నిర్ణయిస్తారు. మామూలుగా ఆరు వారాలకోసారి బదిలీలు, ఆ కబురు వచ్చే రోజు ముందు రాత్రి ఎవరికీ సరిగ్గా నిద్రుండదు. మంచి జత పడితే ఇంకో ఆరు వారాలు ఉంచితే బాగుండు అని, పడకపోతే ఈసారైనా విడదీస్తే బాగుండు అని. యూటాలో నాలుగు బెడ్‌రూముల ఇంట్లో పెరిగినవాడికి, బ్రెజిల్ నగరం రెసిఫె శివార్లలో ఒకే గదిలో అయిదుగురు తోబుట్టువులతో పెరిగినవాడికి ముడిపెడతారు. ఒకడికి పోర్చుగీసు రాదు, ఇంకొకడికి ఇంగ్లిష్ రాదు. శిక్షణా కేంద్రంలో ఆరేడు వారాలు నేర్చుకున్న భాష మొదటి రోజు బస్సు కండక్టర్ మాటలకే ఆవిరైపోతుంది, నిజమైన భాష నేర్పేది ఈ జతగాడే, అన్నం వండుతూ, గిన్నెల దగ్గర గొడవపడుతూ.

ఆ గొడవలు తీర్చుకోవడానికి కూడా వారంలో ఒక సమయం పెట్టారు. ప్రణాళిక రోజున పని లెక్కలు అయ్యాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాడిలో నచ్చినది ఏంటో ముందు చెప్పి, తర్వాత ఇబ్బందులు చెప్పుకోవాలి. అలారం మోగినా లేవవు, నేను పాఠం చెబుతుంటే మధ్యలో అందుకుంటావు, దారిలో నన్ను వదిలేసి ముందుకు నడిచేస్తావు, ఇలాంటివి. పద్దెనిమిదేళ్ల మగపిల్లలు మామూలుగా ఇలాంటివి చెప్పుకోరు, మొహం మాడ్చుకుని కూర్చుంటారు లేకపోతే కొట్టుకుంటారు. ఈ మొత్తం ఏర్పాటులో మెచ్చుకోదగ్గది ఏదైనా ఒక్కటి చెప్పమంటే ఇదే చెప్పాలి. తిరిగొచ్చినవాళ్లలో పెళ్లిళ్లకు ఇదే బాగా పనికొచ్చిందని చెప్పేవాళ్లు ఉన్నారు, నమ్మొచ్చు.

పేరు కూడా మారిపోతుంది. మాల వేసుకున్నవాణ్ని చిన్నా పెద్దా అందరూ స్వామీ అని పిలిచినట్టే, ఇక్కడ పద్దెనిమిదేళ్లవాణ్ని ఎల్డర్ అంటారు, ఆ తర్వాత ఇంటిపేరు, అంతే. అమ్మాయిలైతే సిస్టర్. జతగాడు కూడా సొంత పేరుతో పిలవకూడదు. దీక్ష మండలంతో అయిపోతుంది, ఇది రెండేళ్లు. మనిషి తన పాత పేరు రెండేళ్లు వినకుండా ఉంటే లోపల ఏదో సర్దుకుంటుంది, అది మంచికా చెడుకా అన్నది ఆ మనిషిని బట్టి. పిల్లలు ఊరుకుంటారా, వాళ్లకో సొంత భాష పుట్టించుకున్నారు. కొత్తగా దిగినవాడు గ్రీనీ, పని నేర్పినవాడు నాన్న, ఆఖరి నెలల్లో మనసు ఇంటి మీదకు పోయినవాడు ట్రంకీ, అంటే వాడి పెట్టె అప్పుడే సర్దేసి ఉందన్నమాట.

ఆదివారం చర్చి. 2019 జనవరి నుంచి మూడు గంటల్ని రెండు గంటలకు తగ్గించారు. మిషనరీ కళ్లు మాత్రం ఆ రెండు గంటలూ తలుపు మీదే ఉంటాయి, వస్తానని మాటిచ్చిన కుటుంబం వస్తుందా రాదా అని. ఎందుకంటే ఆ రాత్రి లెక్క చెప్పాలి. ఈ వారం కొత్తగా ఎంతమందికి బోధించారు, ఆరాధనకు ఎంతమంది వచ్చారు, బాప్తిస్మానికి తేదీ ఎంతమంది ఒప్పుకున్నారు, ఎంతమందికి అయింది. ఒకప్పుడు ఈ లెక్కలు రాత్రి ఫోన్ల మీద ఒక నాయకుడి నుంచి ఇంకో నాయకుడికి పైకి వెళ్లేవి, ఇప్పుడు యాప్‌లో పడతాయి. వారమంతా అరవై గంటలు తిరిగి అన్ని గడుల్లో సున్నా వేయాల్సి రావడం యూరప్‌లో మామూలు విషయం. ఫ్రాన్స్‌లో 1960ల్లో మిషన్ చేసిన మిట్ రామ్నీకి, తర్వాత అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినాయనకు, వైన్ పండే ఊళ్లలో తిరుగుతూ మందు ముట్టని మతం గురించి చెప్పాల్సి వచ్చింది. ఫలితం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

లెక్కల పిచ్చి ముదిరితే ఏమవుతుందో ఈ చర్చికే బాగా తెలుసు. 1960ల మొదట్లో బ్రిటన్‌లో కుర్ర మిషనరీలు వీధి పిల్లలతో బేస్‌బాల్ జట్లు కట్టించి, ఆట మత్తులో ఉండగా వాళ్లకు బాప్తిస్మాలు ఇచ్చేశారు. పిల్లలు జట్టులో చేరామనుకున్నారు, మతంలో చేరామని చాలామందికి తెలియను కూడా తెలియదు. రిజిస్టర్లు నిండాయి, చర్చిలో బల్లలు ఖాళీగానే ఉన్నాయి, చివరికి వేల పేర్లు కొట్టేయాల్సి వచ్చింది. ఇప్పుడు బాప్తిస్మానికి ముందు వేరే మిషనరీ వచ్చి విడిగా ఇంటర్వ్యూ చేస్తాడు. అయినా గడిలో అంకె వేయించుకునే పద్ధతి ఉన్నంత కాలం ఆ అంకె మీద కన్ను ఉంటుంది, మనుషుల స్వభావం అది.

ఇంతకీ ఇంత శ్రమకు ఫలితం ఎంత? చర్చి ఏటా బయటపెట్టే లెక్కల్లోనే జవాబుంది. 2012 చివరికి పూర్తికాలపు మిషనరీలు 58,990 మంది, ఆ ఏడాది కొత్తగా చేరినవాళ్లు 2,72,330. ఆ అక్టోబర్‌లోనే అప్పటి చర్చి అధ్యక్షుడు థామస్ మాన్సన్ మిషన్‌కు వెళ్లే కనీస వయసు తగ్గించారు, అబ్బాయిలకు 19 నుంచి 18కి, అమ్మాయిలకు 21 నుంచి 19కి. కట్టలు తెంచుకున్నట్టు దరఖాస్తులు వచ్చాయి. 2014 చివరికి మిషనరీలు 85,147. చేరినవాళ్లు 2,96,803. తిరిగేవాళ్లు నూటికి 44 మంది పెరిగితే చేరేవాళ్లు పెరిగింది నూటికి 9 మందే. ఒక్కో మిషనరీ లెక్కన ఏడాదికి చేరేవాళ్ల సంఖ్య దాదాపు నాలుగున్నర నుంచి మూడున్నరకు పడిపోయింది.

వ్యాపారమైతే ఈ అంకె చూసి సగం మందిని ఇంటికి పంపేవాళ్లు. చర్చి పంపలేదు, పంపదు కూడా, ఎందుకంటే అసలు లాభం ఆ గడుల్లో కనిపించదు. ఏ ఊళ్లోనైనా మతంలో చేరేవాళ్లు ఎక్కువగా స్నేహితుడో బంధువో ముందు చేరి ఉంటే చేరతారు. తలుపు తట్టే కుర్రాళ్లను రెట్టింపు చేసినంత మాత్రాన వినాలనుకునేవాళ్లు రెట్టింపు కారు. కానీ పద్దెనిమిది, ఇరవై మధ్య వయసు ఎలాంటిది? ఇల్లు వదిలి, కాలేజీలో పడి, అమ్మానాన్నల దేవుణ్ని ప్రశ్నించే వయసు. సరిగ్గా ఆ రెండేళ్లూ ఈ చర్చి ఆ పిల్లాడికి సందేహానికి తీరిక లేకుండా చేస్తుంది. రోజుకు ఇరవైసార్లు ఇది నిజమని నాకు తెలుసు అని ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పినవాడు, కాదన్నవాళ్లందరితో వాదించినవాడు, దాని కోసం సొంత డబ్బు ఖర్చుపెట్టి ఎండలో నడిచినవాడు, తిరిగొచ్చాక దాన్ని అంత తేలిగ్గా వదలడు. వదిలేవాళ్లూ ఉన్నారు, ఆ రెండేళ్లలో తీరిగ్గా చదివిన చదువే కొందరిని బయటికి నడిపిస్తుంది, కానీ ఏర్పాటు మాత్రం మొదటి రకం కోసమే. పైగా భాష వస్తుంది, కాదనిపించుకోవడం అలవాటవుతుంది. యూటాలో పురుగుమందు, సోలార్, సెక్యూరిటీ అలారం కంపెనీలు ఇంటింటికీ తిరిగి అమ్మడానికి తిరిగొచ్చిన మిషనరీల కోసం ఎగబడతాయంటే ఊరికే కాదు.

తెలుగువాళ్లకు ఇదంతా మరీ దూరపు సంగతేం కాదు. సమోవాలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఈ మతంలో చేరిన ఒక తెలుగు దంపతులు 1978 చివర్లో హైదరాబాద్ వచ్చి సొంత బంధువులకే బోధించారు, తెలుగునాట మొదటి గుంపు అలా తయారైంది. అంటే ఇక్కడ కూడా చుట్టరికమే పనిచేసింది. 2012లో భారతదేశంలో ఈ చర్చి మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాలను కలిపిన పెద్ద విభాగం, ఏర్పడింది ఢిల్లీలోనో ముంబయిలోనో కాదు, హైదరాబాద్‌లో. రాజమండ్రిలో, విశాఖలో కూడా సభ్యులున్నారు, మోర్మన్ గ్రంథం తెలుగులో దొరుకుతుంది. ఇక్కడి పిల్లలు కూడా మిషన్‌కు వెళ్తారు, యూటా పిల్లాడికి లేని చిక్కు వాళ్లకు ఒకటుంటుంది. ఇంటర్‌కి, ఇంజినీరింగ్‌కి, ఉద్యోగానికి మధ్య గ్యాప్ ఉండకూడదని నమ్మే సమాజంలో రెండేళ్లు పక్కన పెట్టి వెళ్లొస్తానంటే, చర్చిలో కూర్చునే తండ్రికి కూడా గుండెలో రాయి పడుతుంది. బయోడేటాలో ఆ రెండేళ్లను ఏమని రాయాలి, పెళ్లివారికి ఏమని చెప్పాలి?

అమెరికాలో తెలుగు కుటుంబాల ఇళ్లకు వచ్చినప్పుడు ఇంకో చిన్న తమాషా జరుగుతుంది. ఇంటికి వచ్చినవాళ్లకు టీ ఇవ్వకుండా పంపడం మనవల్ల కాదు, వాళ్లకేమో టీ, కాఫీ రెండూ నిషిద్ధం. మర్యాదకు ఇచ్చిన కప్పు అలాగే చల్లారిపోతుంటే అవతలివాళ్లకు అవమానంగా ఉంటుంది, పాపం ఆ కుర్రాళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. మజ్జిగో జ్యూసో ఇస్తే గొడవే లేదు. వాళ్లు నేర్పే ఉచిత ఇంగ్లిష్ క్లాసులకు వెళ్లడంలోనూ తప్పేం లేదు, వెనక బోధన ఉందని తెలిసి వెళ్తే చాలు. ఇష్టం లేకపోతే స్పష్టంగా వద్దని చెప్పేయడమే వాళ్లకూ మేలు. మొహమాటానికి వచ్చే వారం రండి అంటే ఆ మాట వాళ్ల ప్రణాళికలోకి ఎక్కుతుంది, వచ్చే వారం నిజంగానే వస్తారు, బస్సు మారి, నడిచి.

ఈ వారాల చక్రంలో అందరూ చివరిదాకా నిలబడరు. జబ్బు చేసి, దిగులు తట్టుకోలేక, నమ్మకం సడలి మధ్యలో తిరిగొచ్చేవాళ్లు ఉంటారు, వాళ్ల గురించి చర్చి వేదికల మీద ఒకప్పుడు మాటే ఉండేది కాదు. ఇప్పుడు కౌన్సెలింగ్ ఉంది, ఇంట్లోనే ఉండి పేదలకు ఆహారం పంచే కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే సర్వీస్ మిషన్ ఉంది, అది రెండో తరగతి కాదని పెద్దలు మళ్లీ మళ్లీ చెబుతున్నారు. అన్నిసార్లు చెప్పాల్సి వస్తోందంటేనే కింద పరిస్థితి ఏమిటో తెలుస్తుంది. 24 నెలలూ పూర్తి చేసినవాడు విమానాశ్రయంలో బెలూన్లు, బ్యానర్ల మధ్య దిగి, ఆ ఆదివారమే చర్చిలో మైకు ముందు నిలబడతాడు. ఏడో నెలలో వచ్చినవాణ్ని మాత్రం ఇంట్లోవాళ్లు రాత్రి పూట తీసుకొచ్చి, ఎవరైనా అడిగితే ఆరోగ్యం బాగా లేదని చెబుతారు.